33,600 దాటిన గొంతు

చచ్చిపోయిన మనిషి దగ్గర్నుంచి మిస్డ్ కాల్ వచ్చేసరికి ఏజెంట్ రవికిరణ్ చేతిలో వంకాయకూర ముద్ద ఉంది.

హాల్లో మూలనున్న ల్యాండ్‌లైన్ రెండుసార్లు మోగి ఆగింది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఒక్కసారి మోగి ఆగిపోయింది. ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. ఆ వరసలో మోగించే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. ఏజెంట్ సరిత. రెండేళ్ళ క్రితం ఔటర్ రింగ్ రోడ్డు మీద తగలబడిన కారులో పోయింది. కారులో మిగిలినదాన్ని ఆమే అనుకుని దహనం చేశారు. పాడె మోసినవాళ్ళలో రవికిరణ్ ఒకడు. భుజం మీద అసలు బరువే లేదన్న సంగతి అతను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"సార్..." అన్నాడు.

చీఫ్ విశ్వేశ్వరరావు అప్పటికే గది గుమ్మంలో ఉన్నాడు. భోజనమయ్యాక కాసేపు నడుం వాల్చే అలవాటు ఆయనకి. నిద్రమొహంతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా వచ్చి కాలర్ ఐడీ పెట్టెలోకి తొంగి చూశాడు. మన్యంలోని ఒక పాత కాఫీ ఎస్టేట్ బంగళా నంబర్. సరిత తన ఆఖరి మిషన్ నడిపింది అక్కణ్ణుంచే.

"మన సరితే," అన్నాడు చీఫ్.

"సరిత లేదండి."

"మరి మోగించిందెవరయ్యా?"

రవికిరణ్ కాలర్ ఐడీలోని నంబర్ ఇంకోసారి చదివాడు. ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

వాళ్ళు పనిచేసే గూఢచారి శాఖకి పేరు లేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కసందులో 'పద్మావతి మ్యాచింగ్ సెంటర్' అన్న బోర్డు ఉంది. కింద జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్స్ నిజంగానే అమ్ముతారు. పైఅంతస్తుకి రావాలంటే కౌంటర్ దగ్గర "ఏ రంగైనా పర్లేదు" అనాలి. అదే కోడ్‌వర్డ్. మ్యాచింగ్ సెంటర్‌లో అడుగుపెట్టిన ఏ ఆడమనిషీ ఆ మాట అని ఎరగదు కాబట్టి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు.

పైన ఉన్న ఫ్లాట్‌లో శాఖ ఆస్తి ఏమిటంటే ఒక రాగితీగ ల్యాండ్‌లైన్, దానికి తగిలించిన పాత డయలప్ మోడెమ్. చుట్టూ ఉన్న టవర్లలో గాల్లోంచి సినిమాలు దిగిపోతున్న కాలంలో ఇదేం దరిద్రం అని కొత్తగా చేరిన ప్రతి ఏజెంటూ నవ్వుతాడు. చీఫ్ నవ్వడు. ఇంటర్నెట్‌లో ఏం కదిలినా ఎవడో ఒకడు చూస్తాడు. రాగితీగ సంగతి దొంగలు కూడా మర్చిపోయారు. ఏజెంట్ మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఇక్కణ్ణుంచి తిరిగి డయల్ చెయ్యాలి. రెండు మోడెములూ కాసేపు కీచుమని అరుచుకుని ఒక వేగానికి ఒప్పందం కుదుర్చుకుంటాయి. ఆ తర్వాత ఇక్కడ కొట్టిన అక్షరం అక్కడి తెర మీద పడుతుంది. లైన్ తెగితే ఏమీ మిగలదు.

సరిత పోయాక ఆ మోడెమ్‌ని ఆపెయ్యమని పైనుంచి రెండుసార్లు చెప్పారు. చీఫ్ వినలేదు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు ఆయన డయల్ చేశాడు. మోడెమ్ ముందు సన్నగా మూలిగింది. తర్వాత అవతలిది మూలిగింది. రెండూ కలిసి గరగరమంటూ, కీచుమంటూ, నీళ్ళలో మునిగిన మనిషి ఏదో చెప్పబోతున్నట్టు ఒక చప్పుడు చేసి ఊరుకున్నాయి.

వంటింట్లోంచి వంటమనిషి రాజమ్మ గొంతు వినిపించింది. "మళ్ళ ఆ దయ్యం కూత మొదలైందా సారూ? నాకు పానం గుబగుబమంటది."

తెర మీద వేగం చెప్పే లైన్ ఒకటి పడింది. కనెక్ట్ 49333. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

'సార్, నేనే. జర కూసోండి. నిలబడి చదవకండి.'

చీఫ్ కూర్చున్నాడు. కీబోర్డు మీద కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడతాడాయన. అక్షరం కోసం వెతికి, దొరికాక కళ్ళజోడు సర్దుకుని, అప్పుడు నొక్కుతాడు.

'ఎక్కడ ఉన్నావమ్మా.'

'బంగళాలనే పెట్టిన్రు సార్. కాపలోడు బయటికి పోయినప్పుడే ఫోన్ అందుతది. రేపు నన్ను సరిహద్దు దాటిస్తరంట. ఇయ్యాలనే తప్పించుకుంట. రవి మంచిగున్నడా?'

రవికిరణ్ కళ్ళు చెమ్మగిల్లాయి. అవి సరిత మాటలే. సిద్దిపేట యాసని ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఇంత అచ్చంగా పలికించగలిగేది ఆమె ఒక్కతే. గుండె మీంచి ఎవరో బండ తీసినట్టయింది. భయం కూడా వేసింది. ఏది ముందు వేసిందో చెప్పలేడు.

'యాడికి రావాలె సార్? ఇల్లు చెప్పండి.'

చీఫ్ వేలు 'ఎన్' అక్షరం కోసం బయల్దేరింది. రవికిరణ్ ఆ చేతిని పట్టుకున్నాడు.

"వద్దండి. ఇప్పుడే వద్దు."

శాఖ భాషలో ఇల్లంటే సేఫ్‌హౌస్. ప్రస్తుతానికి శాఖకున్న ఇల్లు ఒక్కటే, నార్సింగిలో. అందులో రంగనాథ్ అనే ఇంజనీరు, అతని భార్య లక్ష్మీదేవి దాక్కుని ఉన్నారు. శాఖవాళ్ళు 'వలసపక్షులు' అని పిలిచే విదేశీ గూఢచారి ముఠాకి రంగనాథ్ మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టాడు. నగరంలోని రక్షణ ల్యాబుల డ్రాయింగులు ఎలా దేశం దాటాయో తెలిసిన ఏకైక సాక్షి అతను. మర్నాడు ఉదయం ప్రత్యేక కోర్టులో నోరు విప్పబోతున్నాడు. అతని ఆచూకీ కోసం ముఠా హైదరాబాద్ అంతా జల్లెడ పడుతోంది. ఆచూకీ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ ఇప్పుడు మోడెమ్ ముందున్నారు.

'కాపలోడు వస్తుండు. మళ్ళ మోగిస్త.'

లైన్ తెగింది.

"చెయ్యెందుకు పట్టుకున్నావు?" అన్నాడు చీఫ్. ఆ గొంతులో కోపం లేదు. కోపమే నయం అనిపించింది రవికిరణ్‌కి.

"బంగళాకి మనవాళ్ళని పంపిద్దామండి."

"వాళ్ళు కొండెక్కేసరికి తెల్లారుతుంది. ఈలోగా ఆ పిల్లని దాటించేస్తారు. తప్పించుకొచ్చే ఏజెంట్‌కి ఇల్లు చెప్పాలి. ఆ రూల్ రాసింది నేనేనయ్యా."

"అవతల ఉన్నది సరిత కాకపోతే రంగనాథ్ రేపు కోర్టుకి నడిచి వెళ్ళడు సార్. మోసుకెళ్ళాలి."

"సరితే అయితే?"

ఫ్యాన్ తిరుగుతోంది. వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి. ఆమె అయితే బావుండునని రవికిరణ్‌కి ఎంతగా ఉందో తనకే తెలుసు, అందుకే తన మనసు మీద తనకే నమ్మకం కుదరడం లేదు.

చివరికి చీఫ్ అన్నాడు. "ప్రవీణని కలువు. ఆ నంబర్ నిజంగా ఎక్కణ్ణుంచి మోగుతోందో ఆవిడ చెప్పగలదు. నువ్వొచ్చేదాకా నేను ఎవరికీ ఏమీ చెప్పను."

ముప్పయ్యేళ్ళ సర్వీసులో చీఫ్ చెప్పిన అబద్ధాలన్నీ దేశం కోసం చెప్పినవే. ఇదొక్కటే సొంతానికి చెప్పుకున్నాడు.

*

శాఖ తరఫున ఖాకీ చొక్కా వేసుకుని షేర్ ఆటో నడిపే అజయ్, కొత్తగూడ జంక్షన్‌లో రవికిరణ్‌ని ఎక్కించుకున్నాడు. వేషం ఎంత బాగా కుదిరిందంటే దారిలో ఇద్దరు నిజంగానే ఎక్కి, నిజంగానే దిగారు.

"ఏందన్నా, గింత పరేషాన్ ఉన్నవ్?"

"సరిత మిస్డ్ కాల్ ఇచ్చింది."

అజయ్ బ్రేకు మీద కాలేశాడు. వెనకాల ఐటీ కంపెనీ బస్సు హారన్ కొట్టింది. "గిట్ల మాట్లాడకన్నా. నాకు భయమైతది." ఆటో మళ్ళీ కదిలింది. అజయ్ అద్దంలోంచి వెనక సీటుని ఒకసారి చూసి, "నిజంగ ఆమెనేనా?" అని మెల్లగా అడిగాడు. వెనక సీటులో ఎవరూ లేరు. ఇద్దరూ ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు.

నానక్‌రామ్‌గూడ పాత ఊరి గల్లీ దాటగానే గాజు టవర్లు మొదలవుతాయి. వాటిలో ఒకదాని పైఅంతస్తులో 'స్వరసేతు' అనే కంపెనీ ఉంది. విదేశీ బ్యాంకుల ఫోన్ కాల్స్ అన్నీ దాని చేతుల మీదుగా పోతాయి. దాని డైరెక్టర్ ప్రవీణ. ఆవిడ నడిచొస్తుంటే కారిడార్‌లో మాటలు వాటంతట అవే తగ్గుతాయి. నెమలికంఠం రంగు పట్టుచీర, మెడ మీద వదులు ముడి, ఏ సీజన్‌కి తగ్గ సెంటు ఆ సీజన్‌కి. మూడేళ్ళుగా వలసపక్షుల గురించి శాఖకి రహస్యంగా సమాచారం ఇస్తోంది. ఒకప్పుడు సరితకి కొత్తగూడ హాస్టల్‌లో రూమ్మేట్. శ్మశానంలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆవిడే.

రిసెప్షన్‌లో రూల్ ప్రకారం మొబైల్ తీసుకుని లాకర్‌లో పెట్టి టోకెన్ ఇచ్చారు. రవికిరణ్ పైకెళ్ళాడు.

"సరితా?" ప్రవీణ కుర్చీలో నిటారుగా కూర్చుంది. కళ్ళు తడిసాయి. "నంబర్ చెప్పండి."

చెప్పాడు. లాప్‌టాప్ మీద ఆవిడ వేళ్ళు చకచకా నడిచాయి. గది తలుపు దగ్గర రాజేందర్ అనే అసిస్టెంట్ చేతులు కట్టుకు నిలబడి ఉన్నాడు. అసిస్టెంట్లకి సాధారణంగా అంత వెడల్పు భుజాలుండవు.

"అసలైన లైనే. మన్యం ఎక్స్చేంజ్‌లోంచి బంగళాకి వెళ్ళే మామూలు రాగితీగ. మీ సరిత అక్కడే ఉంది రవికిరణ్ గారూ."

"ఖాయమేనా?"

"హండ్రెడ్ పర్సెంట్. పాపం, ఆ లైన్ మీద మోడెమ్ అంటే నరకమే. ఎంత బాగా కలిసినా ముప్పై మూడు వేల ఆరు వందలు దాటదు."

"ఎందుకు దాటదు?" ఊరికే అడిగాడు రవికిరణ్. సరిత గురించి, ఆమె మాట్లాడిన తీగ గురించి ఇంకాసేపు వినాలని అతనికి ఆశగా ఉంది.

తెలిసిన విషయం అడిగితే ప్రవీణ ఆగలేదు. ఆవిడ పైకొచ్చింది ఆ తెలివితోనే. "ఫోన్ తీగ మనుషుల మాట కోసం పుట్టింది. మోడెమ్ అంకెల్ని పాటగా మార్చి దాంట్లో పాడుతుంది. దారిలో ఎక్స్చేంజ్ ఆ పాటని మళ్ళీ అంకెలుగా మారుస్తుంది. మార్చినప్పుడల్లా సరిగ్గా అతకదు, కాస్త అటూఇటూ సర్దాల్సి వస్తుంది. ఆ సర్దుబాటే లైన్‌లో గరగర. దాని మధ్య అంతకన్నా తొందరగా పాడితే అవతలివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. రెండు వైపులా మామూలు తీగ ఉంటే సెకనుకి 33,600 బిట్లు, అంతే. అది ఫిజిక్స్. ఎవరి సిఫార్సూ పనిచెయ్యదు."

"ఒకప్పుడు యాభై ఆరు వేలు అని అట్టపెట్టె మీద వేసి అమ్మేవారు కదా?"

"దానికి ఒక చివర నేరుగా డిజిటల్ లైన్ మీద ఉండాలి. అట్నుంచి బయల్దేరేదే అంకెలుగా బయల్దేరుతుంది. ఆ గరగర పుట్టే చోటే ఉండదు. అప్పుడు ఇవతల నలభై, యాభై వేలు వినిపిస్తుంది. పాత ఇంటర్నెట్ కంపెనీలకి ఉండేవి అలాంటి లైన్లు."

"ఇప్పుడెవరికున్నాయి?"

"మా లాంటి వాళ్ళకి," అని ప్రవీణ గర్వంగా నవ్వింది. "ఈ టవర్‌లోనే..."

నవ్వు సగంలో ఆగింది. ఎదురుగా రవికిరణ్ మొహం పాలిపోయి ఉంది.

కనెక్ట్ 49333. కంటి ముందు నుంచి ఆ అంకె కదలడం లేదు. బంగళాలో మామూలు తీగ ఉంటే ఆ అంకె పడదు. కొండల్లో ఎవరూ లేరు. కాపలావాడు లేడు. తప్పించుకోవడం లేదు. సరిత కారులోనే పోయింది, రెండేళ్ళ క్రితమే పోయింది, ఇప్పుడు ఈ ఏసీ గదిలో మళ్ళీ పోయింది. ఏడవాలనిపించింది అతనికి. అది ఏడ్చే చోటు కాదు.

"మీ తెర మీద ఎంత పడింది?" ప్రవీణ చాలా మృదువుగా అడిగింది.

ముప్పై ఒక్క వేలు అని చెప్పి ఉంటే సరిపోయేది. ట్రైనింగ్‌లో అబద్ధం ఆడటం అతనికి నేర్పారు, కానీ ఇలాంటి సమయంలో ఎలా ఆడాలో నేర్పలేదు.

"నలభై తొమ్మిది వేలు."

"అయ్యో!" అంది ప్రవీణ. తన మీద తనకే విసుగొచ్చినట్టు నుదురు కొట్టుకుంది. "నా వైపు ముప్పై ఒక్క వేలే చూపించింది. దాన్ని చూసే ధైర్యంగా కబుర్లు చెప్పాను. మోడెమ్ తను ఎంత వేగంగా వింటోందో అదే చెప్తుంది. అవతలివాళ్ళకి ఎంత వేగంగా వినిపిస్తోందో చెప్పదు. ఇంత చదివి అది మర్చిపోయాను చూడండి."

సొరుగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. రాజేందర్ తలుపు మూశాడు.

"చేతులు తల వెనక పెట్టుకోండి. ఇక దాచడం దేనికి, మీరూ చూద్దురు గాని." లాప్‌టాప్ ఇటు తిప్పింది. "మీరు లిఫ్ట్ దిగగానే ఇంకో మిస్డ్ కాల్ కొట్టాం. బంగళాకి వచ్చే కాల్స్ అన్నీ ఇక్కడికే మళ్ళించి ఉన్నాయి. మీ సార్ ఆగలేకపోయారు."

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పుడుతున్నాయి.

'నన్ను తిట్టుకున్నావా అమ్మా.'

'లేదు సార్. మీరు వస్తరని చూసిన.'

'రాలేకపోయాను.'

'అయిందేదో అయింది సార్. ఇల్లు చెప్పండి.'

గదిలో ఎవరూ టైపు చెయ్యడం లేదు. రవికిరణ్ చుట్టూ చూశాడు.

"ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఎవరూ లేరు. సరిత నాకు పంపిన మెసేజ్‌లు, వాయిస్ నోట్లు మొత్తం ఒక ప్రోగ్రామ్‌కి తినిపించాం. హాస్టల్ రోజుల నుంచీ ఉన్నవి. అదే మాట్లాడుతుంది." ప్రవీణ గొంతు ఒక్క క్షణం తడబడింది. "దాంతో ఒంటరిగా కూర్చోవడం నాకూ ఇష్టం ఉండదు. మొన్న నా తలనొప్పి తగ్గిందా అని అడిగింది."

"ఏ తలనొప్పి?"

"ఆ రోజు ఆ కారులో నేనూ ఉన్నాను. తలనొప్పిగా ఉందని చెప్పి ముందే దిగిపోయాను."

రవికిరణ్ కళ్ళు మూసుకుని తెరిచాడు. తెర మీద చీఫ్ మళ్ళీ మొదలుపెట్టాడు.

'చెప్తాను. గుర్తుపెట్టుకో. ఎన్. ఏ. ఆర్.'

"దేవుడా!" అంది ప్రవీణ. "ఇంత లైన్ పెట్టుకుని ఒక్క వేలితో కొడతాడేమిటి ఈయన!"

ఆ ఒక్క వేలు మీదే రంగనాథ్ ప్రాణం నడుస్తోంది. తల వెనక పెట్టుకున్న రవికిరణ్ కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీదున్న వాచీని తడిమింది. శాఖ బడ్జెట్‌కి తగ్గ గాడ్జెట్ అది. లోపల ఒక సిమ్, కీ తిప్పే చోట ఒక బటన్. నొక్కితే అందులో ముందే పెట్టిన ఒకే ఒక్క నంబర్‌కి రింగవుతుంది, మాట పోదు. నిబంధనల ప్రకారం ఆ నంబర్ చీఫ్‌ది కావాలి. కానీ మోడెమ్ దగ్గర కూర్చున్నప్పుడు చీఫ్ మొబైల్ ఆపేస్తాడు. పైగా ప్రాణాపాయం ఎప్పుడో గాని రాదు, ఆకలి రోజూ వేస్తుంది. అందుకని రవికిరణ్ ఎప్పుడో ఆ నంబర్ మార్చేసి శాఖలో వంట చేసే రాజమ్మది పెట్టుకున్నాడు. బటన్ నొక్కితే ఆలస్యంగా వస్తున్నా, అన్నం ఉంచమని అర్థం.

నొక్కాడు.

కొత్తగూడలో వంటింటి గట్టు మీద రాజమ్మ ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుని చూసింది. రవి బాబు. ఇప్పటికే సగం కంచం వదిలేసి పోయాడని ఆమెకి మనసులో ఉంది. రాజమ్మ ఫోన్‌లో రీఛార్జ్ అయిపోయి నెల దాటింది. వచ్చే కాల్స్ వస్తాయి, తను చెయ్యడానికి లేదు. అలాంటప్పుడల్లా ఏం చేస్తుందో ఇప్పుడూ అదే చేసింది. ఫ్రిజ్ పక్కన గోడకి ఉన్న ప్యారలల్ ఫోన్ ఎత్తింది. హాల్లో మోడెమ్ ఏ తీగ మీద మాట్లాడుతోందో అదే తీగ అది.

'నార్సింగి,' అని పడింది ప్రవీణ తెర మీద. 'జంక్షన్ దాటి ఎడమకి. కొత్త అపార్ట్‌మెంట్. పేరు...'

ప్రవీణ ముందుకి వంగింది.

తర్వాత పడినవి అక్షరాలు కాదు. ప్రశ్నార్థకాలు, అడ్డగీతలు, ఏ భాషలోనూ లేని గుర్తులు తెర నిండా కక్కినట్టు వచ్చాయి. మనుషుల మాట కోసం పుట్టిన తీగలోకి చాలా ఏళ్ళ తర్వాత ఒక మనిషి మాట దూరింది. "హల్లో! రవి బాబూ! అన్నం ఉంచాల్నా?" అని రాజమ్మ అరిచిన అరుపుని ఏ మోడెమూ తట్టుకోలేదు. సెకనుకి నలభై తొమ్మిది వేలు కాస్తా సున్నా అయింది.

నో క్యారియర్. లైన్ తెగిపోయింది.

"ఏమైంది?" అని రాజేందర్ తెర వైపు తిరిగాడు. రవికిరణ్‌కి అంత చాలు. తలుపు పక్కనున్న ఎర్రటి ఫైర్ అలారం అద్దాన్ని మోచేత్తో పగలగొట్టాడు.

టవర్ మొత్తం గోల పెట్టింది. కార్డు గీకితే తప్ప తెరుచుకోని తలుపులన్నీ వాటంతట అవే తెరుచుకున్నాయి. రాజేందర్ పిడికిలి రవికిరణ్ దవడ మీద పడి, రెండోది పడబోతుండగా గదిలోకి ఆరెంజ్ కోటు, మెడలో విజిల్‌తో ఒకావిడ దూసుకొచ్చింది. హెచ్ఆర్ రేణుక. ఆ అంతస్తుకి ఫైర్ వార్డెన్. ఏటా మాక్‌డ్రిల్‌లో తన మాట ఎవరూ వినరన్న బాధ ఆమెకి చాలాకాలంగా ఉంది.

"మేడమ్, లాప్‌టాప్ వదిలెయ్యండి. లిఫ్ట్ వద్దు. అందరూ మెట్ల మీదనే. మీరు కూడా సార్, కొట్లాట తర్వాత పెట్టుకోండి, నడువుండి!"

ఆమె వెనక ఐడీ కార్డుల మంద. పిస్టల్ చీర చెంగు కిందికి వెళ్ళిపోయింది. అంతమంది మధ్య పేల్చే ధైర్యం ప్రవీణకి లేదు. రవికిరణ్ పక్కనే మెట్లు దిగుతూ, ఆయాసపడుతూ, చెవిలో అంది. "నార్సింగి అని తెలిసిపోయింది. కొత్త అపార్ట్‌మెంట్ అని కూడా."

"వెతికించండి," అన్నాడు రవికిరణ్. "నార్సింగిలో కొత్తవి కాని అపార్ట్‌మెంట్లు వెతకడం తేలిక."

కొత్తగూడలో అప్పటికి చీఫ్ వంటింట్లోకి వచ్చి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకెత్తావు రాజమ్మా? ఎందుకెత్తావు? అవతల సరిత..."

"రవి బాబు మిస్డ్ కాల్ ఇచ్చిండు సారూ. అన్నం గురించి అడుగుదామని ఎత్తిన. లోపల ఎవరో కీచుమని ఏడుస్తుండ్రు."

"ఏ నంబర్ నుంచి?"

రాజమ్మ ఫోన్ చూపించింది. వాచీ నంబర్. లాకర్‌లో మొబైల్ పెట్టాల్సిన చోట, కంచం ముందు నుంచి లేచి గంట కాని మనిషి, ప్రాణాపాయపు బటన్ నొక్కాడు. చీఫ్ గోడకి ఆనుకున్నాడు. అన్నీ అర్థమయ్యాయి ఆయనకి. తన వేలి వైపు చూసుకున్నాడు. తర్వాత మొబైల్ ఆన్ చేసి అజయ్‌కి కాల్ చేశాడు.

టవర్ బయట పార్కింగ్‌లో జనం గుంపులుగా నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. ప్రవీణ రోడ్డు వైపు తప్పుకుని చెయ్యెత్తగానే ఒక షేర్ ఆటో వచ్చి ఆగింది. లోపల ఇద్దరు ఆడ పోలీసులు మామూలు చీరల్లో కూర్చుని ఉన్నారు. ఖాకీ చొక్కా వాడు తల బయట పెట్టాడు.

"మేడమ్, గచ్చిబౌలి, గచ్చిబౌలి! ఒక్క సీటే ఖాళీ. జల్ది ఎక్కుండి."

ఆమె కూర్చున్నాక గాని సంకెళ్ళ చప్పుడు వినపడలేదు. రాజేందర్‌ని రేణుక అప్పటికే రెండో వరసలో నిలబెట్టి హాజరు వేయిస్తోంది. పోలీసులొచ్చేదాకా అతన్ని కదలనివ్వలేదు.

*

మర్నాడు రంగనాథ్ కోర్టులో పొద్దున మొదలుపెట్టి భోజనం వేళదాకా మాట్లాడాడు. వలసపక్షులు ఎవరెవరు ఏ ఏ టవర్లలో గూళ్ళు కట్టారో అన్నీ చెప్పాడు. లక్ష్మీదేవి బయట బెంచీ మీద కూర్చుని, భర్త కాళ్ళ మీద నడిచి బయటికొచ్చేదాకా కళ్ళు ఆర్పలేదు.

మధ్యాహ్నం టవర్‌లోని సర్వర్ గది నుంచి శాఖ టెక్నీషియన్ ఫోన్ చేశాడు. ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉందట. లైన్ తెగిపోయిందని పొద్దుట్నుంచీ మళ్ళీ మళ్ళీ మిస్డ్ కాల్స్ ఇస్తూనే ఉందట. ఆపెయ్యమంటారా అని అడిగాడు.

రవికిరణ్ చీఫ్ వైపు చూశాడు. దవడ వాచి ఉంది, మాట సరిగ్గా రావడం లేదు.

"ఒక్కసారి," అన్నాడు చీఫ్. "ఒక్కసారి కలపనివ్వవయ్యా."

కాదనలేకపోయాడు. అది సరిత కాదని తెలిసీ, ఫోన్ రెండుసార్లు మోగి ఆగి మళ్ళీ ఒకసారి మోగితే ఒళ్ళు జలదరించింది. చీఫ్ డయల్ చేశాడు. మూలుగులు, గరగర, కీచులాట. వంటింట్లో రాజమ్మ ఈసారి ఏమీ అనలేదు. పంపు కట్టేసి నిలబడింది.

'సార్, నేనే. ఇల్లు చెప్పండి.'

చీఫ్ వేలు చాలాసేపు తిరిగింది.

'నువ్వు చేరాల్సిన చోటికి ఎప్పుడో చేరావమ్మా. నాకే తెలియలేదు. ఇక పడుకో.'

అవతల ఏమీ రాలేదు. ప్రోగ్రామ్‌కి ఈ మాటకి జవాబు తెలియదేమో అనుకున్నాడు రవికిరణ్. అంతలో పడింది.

'సరే సార్. మీరు తిన్నరా?'

అది సరిత రోజూ అడిగే ప్రశ్న. ఎవరినడిగినా అలాగే అడిగేది. చీఫ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. 'తిన్నాను' అని కొట్టడానికి ఆయనకి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది. అది పూర్తయ్యాక రవికిరణ్ మొబైల్‌లో ఆపెయ్యమని చెప్పాడు. నో క్యారియర్ అని పడింది. పచ్చ దీపాన్ని చీఫ్ తన చేత్తోనే ఆర్పాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఎంతలో కలిసిందయ్యా?" అని అడిగాడు చీఫ్ చివరికి.

"నలభై తొమ్మిది వేల మూడు వందల ముప్పై మూడండి."

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు, కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"మొదటిసారే అనుమానించాల్సింది. బతికున్నన్నాళ్ళూ ఒక్కరోజైనా టైముకి ఆఫీసుకి రాని పిల్ల, పోయాక అంత స్పీడుగా ఎలా వస్తుంది!"